కొళాయి కారే ఇల్లు

సాన్ ఎలాదియో,
1971 మే 3

చెల్లీ సులేమా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని అలిగి ఉంటావు. అలుగు. నాన్న రేడియో నీ ఇంట్లో మోగుతోంది కాబట్టి అలకకి తోడు కూడా ఉంది. నాకిక్కడ పక్కింటివాళ్ల రేడియోనే గతి, గోడకి చెవి ఆనించి వినాలి. షెడ్డులో నాన్న పక్కన దీపం పట్టుకుని పెరిగింది నేను. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు నలతగా ఉందో చెప్పగలిగింది నేను. నాన్న పోయాక రేడియో మాత్రం వంటింట్లో అమ్మతో ఉల్లిపాయలు తరిగినదానికి దక్కింది. ఈ మాట మళ్ళీ ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను, ఎత్తేశాను, అయిపోయింది.

ఇక అసలు సంగతి. ఈ ఏడు రోడ్డు పందేల ఛాంపియన్‌షిప్ మన ఊరిదే. రెండు పందేలు జరిగితే రెండిట్లోనూ మన ఆకుపచ్చ కారే ముందు వచ్చింది. నడిపేది టిటో బెర్తోల్ది, ఇంజను మీ బావ అన్సెల్మో చేతిది. కొలోనియా రొమేరో వాళ్ల పసుపు కారు రెండుసార్లూ మన దుమ్ము తిని వచ్చింది. టైర్ల డబ్బు కోసం క్లబ్బులో ఆడవాళ్లం మాంసం కూరి ఎంపనాడాలు వత్తి వత్తి చేతులు పడిపోయాయి. అయినా ఎవరికీ నొప్పి తెలియడం లేదు.

మీ బావ సంగతి చెబితే నమ్మవు. పెళ్లయినప్పటి నుంచి కారుతున్న వంటింటి కొళాయి బాగుచేశాడు. నేను అడగను కూడా లేదు. మర్నాడు కోళ్ల గూటి తలుపు. ఆ తర్వాత మంచం కోడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తున్నాడు, కూర్చుని నిదానంగా తింటున్నాడు, కూర బాగుందని కూడా అంటున్నాడు. కొత్తగా సున్నం వేయించిన గోడ మీద మాత్రం గ్రీజు వేళ్ల ముద్రలు వేసి పెట్టాడు, అందుకు తిట్టాననుకో. మీ ఆయన ఇలారియో ఇంటి పట్టునే ఉంటాడని మురిసిపోయేదానివి కదా, ఇప్పుడొచ్చి మా ఇల్లు చూడు.

మీ టాండిల్ రేడియోలో ఒసోరియో అనే అతను ప్రతి సోమవారం ఛాంపియన్ ఎవరో చెప్పమని వినేవాళ్లని అడుగుతున్నాడట. ఊరికే కూర్చునే బదులు నువ్వూ ఫోన్ చెయ్యి. సాన్ ఎలాదియో అని చెప్పి పుట్టింటి పరువు నిలబెట్టు.

నీ కన్నా ముందు పుట్టిన,
దెల్మిరా


టాండిల్,
మే 20

అక్కా,

అలగలేదు, జలుబు చేసింది. ఇలారియో కొట్టు మూసేసి వచ్చి యూకలిప్టస్ ఆకులు మరిగించి ఆవిరి పట్టించాడు. నాన్న రేడియో కూడా గురగురమంటుంటే ఆ రాత్రే విప్పి బాగుచేశాడు. ఆయనంతే. మా ఇంట్లో ఏదీ ఒక్క పూట చెడి ఉండదు.

నువ్వు చెప్పినట్టే ఒసోరియోకి ఫోన్ చేశాను. కాని కొలోనియా రొమేరో గెలుస్తుందని చెప్పాను. ఉత్తరం చింపకు, మొత్తం చదువు. అతను కూడా నీలాగే ఆశ్చర్యపోయాడు. పుట్టిల్లు సాన్ ఎలాదియో అంటున్నారు, ముందున్నది కూడా వాళ్లే, మరి వాళ్లని కాదంటారేమిటి సెన్యోరా అన్నాడు. మా వంటింటి లెక్కలు మాకుంటాయి అన్నాను. రేడియోలో అంతా నవ్వారు.

బావ ఇంకా ఏమేం బాగుచేశాడో రాయి. తిండి సరిగా తింటున్నాడా? రాత్రిళ్లు నిద్ర పడుతోందా? దాచకుండా రాయి. గడ్డం గీసుకున్న రోజు చూసి నా తరఫున బుగ్గ మీద ఓ ముద్దు పెట్టు.

నీ చెల్లి,
సులేమా


సాన్ ఎలాదియో,
జూన్ 22

సులేమా,

మీ బావకి నిద్ర పడితే నీకెందుకు, పట్టకపోతే నీకెందుకు?

నీ నోటి చలవ వల్ల మా కారు వరసగా రెండు పందేల్లో ఆగిపోయింది. మొదటిసారి సగం దూరం కూడా పోకుండా ఇంజను ఉడికిపోయింది. రెండోసారి వానలో, అదే రోగం. టిటో కారు పక్కన తడుస్తూ నిలబడి ఉంటే పసుపు కారు హారన్ కొట్టుకుంటూ పోయిందట. ఇప్పుడు కొలోనియా రొమేరో ముందు, మేం వెనక. మాంసం కొట్టు దగ్గర డోన్యా ఎర్నెస్తా అందరూ వింటుండగా అంది, "మీ చెల్లెలు ముందే చెప్పిందిగా, ఇంట్లోవాళ్లకి తెలియనిదేముంటుంది?" అని. తూకం వేయించుకున్న మాంసం అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంజను చెడబోతోందని నీకెలా తెలుసు? షెడ్డులో ఉన్నవాడికే తెలియాలి అది. షెడ్డులో ఉన్నది అన్సెల్మో.

నేను మరిచిపోయాననుకోకు. కార్నివాల్ రాత్రి క్లబ్బులో అన్సెల్మో ముందు నీతోనే టాంగో ఆడాడు. నేను నిమ్మరసం గ్లాసు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. తర్వాత నా దగ్గరికి వచ్చాడు, నిజమే. నేనంటే ఇష్టమై వచ్చాడో, నువ్వు అలిసిపోయావని వచ్చాడో, ఇన్నేళ్లలో అడిగే ధైర్యం రాలేదు.

అయినా ఇప్పుడు ఆయన నా మనిషి. నిన్న కుట్టుమిషను మొత్తం విప్పి తుడిచి నూనె వేశాడు. నా మేజోళ్లతోనే తుడిచాడు, అది వేరే సంగతి. ఆదివారం ప్లాజాకి తీసుకెళ్లి చాక్లెట్ పాలు తాగించాడు. గోడకి అలమర కొట్టాడు, వంకరగా ఉంది గాని కొట్టాడు. ఇవన్నీ నాకు చేశాడు, నీకు కాదు.

దెల్మిరా


టాండిల్,
జూలై 11

అక్కా,

నీకు కోపం వస్తే అక్షరాలు కాగితం అవతలి వైపుకి పొడుచుకొస్తాయి. వేలితో తడిమి చదవొచ్చు.

ఆ టాంగో సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. నువ్వు దాన్ని ఇన్నాళ్లు ఇస్త్రీ చేసి దాచుకున్నావని తెలిస్తే ఆ రోజు కాలు నొప్పని ఇంట్లోనే పడుకునేదాన్ని.

ఇక్కడ నా పరిస్థితి చూస్తే నవ్వుతావు. ఇనప సామాన్ల కొట్టుకి మేకులు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఛాంపియన్ ఎవరు సెన్యోరా అని అడిగి మరీ వెళ్తున్నారు. ఇలారియో ఫోన్ పక్కన నాకో కుర్చీ వేశాడు, దాని మీద దిండు కూడా వేశాడు. వీధిలో పిల్లల తల్లులు పలకరిస్తున్నారు. నన్నెవరైనా ఒక మాట అడగడం, నేను చెబితే చెవి ఒగ్గి వినడం నా జన్మలో ఇదే మొదలు. చిన్నప్పుడు అందరూ నిన్నే అడిగేవాళ్లు. షెడ్డు నుంచి నువ్వూ నాన్నా నల్లటి చేతులతో నవ్వుకుంటూ వస్తుంటే నేను సబ్బు అందించేదాన్ని. కొంచెం రోజులు నాకీ కుర్చీ ఉండనీ.

కిందటి సోమవారం కూడా కొలోనియా రొమేరో అనే చెప్పాను. నువ్వు రాసింది చూశాక వేరే చెప్పడానికి మనసొప్పలేదు.

బావ పంపిన చీటీ అందింది. ఆయన అడిగింది సోమవారం బస్సులో పంపుతున్నాం. నీకు చెప్పే ఉంటాడు.

సులేమా


సాన్ ఎలాదియో,
ఆగస్టు 8

చెప్పలేదు.

నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నీకు చీటీ రాసిన సంగతి నీ ఉత్తరం చూసి తెలుసుకోవాల్సిన గతి పట్టింది. ఆ పొట్లం ఎలా అందిందో విను. బస్సు డ్రైవరు క్లబ్బు ముందు ఆపి, లోపల పేకాడుతున్న మగాళ్లందరి మధ్యకీ వచ్చి, అన్సెల్మో, టాండిల్ నుంచి మీ మరదలు పంపింది అని చేతిలో పెట్టాడట. కమిటీ పెద్ద డోన్ బెలిసారియో పేకలు కింద పెట్టి, ఏమిటది అన్నాడు. రాగి గొట్టం అన్నాడు మీ బావ, పొట్లం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. విప్పి చూపించి ఉంటే పోయేది. విప్పలేదు. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

బెలిసారియో మా గుమ్మం దాకా వచ్చాడు. మాతే టీ పోసిస్తే తాగకుండా చేతిలో పట్టుకుని అన్నాడు, "అమ్మా దెల్మిరా, మన ఇంజను సంగతి ముందు టాండిల్ రేడియోకి తెలుస్తోంది, తర్వాత మాకు. మీ చెల్లెలు చెప్పింది ఇంకొక్కసారి నిజమైందంటే షెడ్డు తాళాలు పాస్కువాల్ చేతికిస్తాం. అన్సెల్మో ట్రాక్టర్లు బాగుచేసుకుంటాడు."

నాన్న షెడ్డు అది సులేమా. నాన్న తర్వాత అన్సెల్మో చేతికొచ్చింది. అందులో వేరేవాడు నిలబడితే నేనా వీధిలో నడవలేను.

ఆయనకి ఇదేమీ పట్టడం లేదు. నేను అరిచాను, షెడ్డులోనే పడుకో పో అని దుప్పటి వీధిలోకి విసిరాను. దుప్పటి తీసుకుని, మంచిదే అక్కడ చలిగా ఉంటోంది అని వెళ్లాడు. నా పుట్టినరోజు వచ్చింది, పోయింది. మొన్న భోజనానికి లాక్కొచ్చి కూర్చోబెడితే టొమాటో పులుసులో ఫోర్కుతో ఏవో గొట్టాల బొమ్మ గీసి, దానివంక చూసి చూసి, తినకుండానే లేచిపోయాడు. కొళాయి మళ్ళీ కారుతోంది. దాని కిందే చేతులు కడుక్కున్నాడు, చెవి పక్కనే టప్ టప్ మంటుంటే వినపడలేదు ఆయనకి. నేను ఎదురుగా ఉన్నా కనపడ్డం లేదు. ఆయన మనసు ఎక్కడుందో నాకు తెలుసు, టాండిల్‌లో ఉంది.

నీకు ఎవరు చెబుతున్నారు? అన్సెల్మో కాదని నాన్న మీద ఒట్టు వేసి రాయి. రాయలేకపోతే ఇక నాకు ఉత్తరాలు వద్దు.

దెల్మిరా


టాండిల్,
ఆగస్టు 29

అక్కా,

నాన్న మీద ఒట్టు, బావ కాదు. నువ్వు.

ప్రతి ఉత్తరంలోనూ నువ్వే చెప్పావు. నాన్న సంగతి గుర్తు తెచ్చుకో. ఇంజను మీద ఆశ ఉన్నన్నాళ్లూ నాన్నకి ఇల్లు కనపడేది కాదు. కప్పు కారినా, తలుపు ఊడినా, అమ్మ జ్వరంతో పడుకున్నా కనపడేది కాదు. ఈ ఇంజను ఇక లాభం లేదని లోపల తెలిసిపోయిన రోజు పానా పట్టుకుని ఇంటికొచ్చేవాడు. కుర్చీలు, కిటికీలు, కొళాయి ఒక్కొక్కటే బాగుచేసేవాడు. కూర బాగుందనేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి నాకు మెల్లిగా చెప్పేది, ఈ ఏడు అయిపోయిందే అని. ఊరంతా గెలుస్తామని ఊగిపోతున్నప్పుడు అమ్మకీ నాకూ తెలిసేది. నువ్వు షెడ్డులో దీపం పట్టుకుని ఉన్నావు, ఇల్లు చూడలేదు. అన్సెల్మో నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇదీ నేర్చుకున్నాడు.

రెండు పందేలు గెలిచి కూడా కొళాయి బాగుచేశాడని నువ్వు రాయగానే ఈ ఏడు అయిపోయిందని నాకు తెలిసింది. నిన్ను నొప్పించడం ఇష్టం లేక చెప్పలేదు. నా కుర్చీ పోతుందని కూడా చెప్పలేదు.

ఆ చీటీ నాకు కాదు, ఇలారియో పేరున వచ్చింది. సన్నటి రాగి గొట్టం, మీ ఊళ్లో దొరకలేదట. అంతకుమించి ఒక్క అక్షరం లేదు, క్షేమమా అని కూడా లేదు.

కొళాయి మళ్ళీ కారుతోందా? పులుసులో బొమ్మలు గీస్తున్నాడా? అయితే అక్కా, ఈ ఏడు మీరే గెలుస్తారు.

బెలిసారియో మాట చదివాక జలుబని చెప్పి రేడియోకి ఫోన్ చేయడం మానేశాను. కాని ఆఖరి పందెం ముందు సోమవారం ఛాంపియన్ పేరు ఖరారుగా చెప్పాలని ఒసోరియో పట్టుబడుతున్నాడు. ఏం చెప్పమంటావు?

నీ సులేమా


సాన్ ఎలాదియో,
అక్టోబరు 10

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం అందింది. సంతోషం. నువ్వు చెప్పిందంతా నిజమే, నాన్న అలాగే ఉండేవాడు.

ఇక్కడ అంతా బాగుంది. మధ్యలో కొన్ని పందేలు గెలిచి కొలోనియా రొమేరోని అందుకున్నాం గాని, మీ బావ మళ్ళీ ఇంటి పట్టున ఉంటున్నాడు. కొళాయి బాగుచేశాడు. కిటికీలకి రంగు వేశాడు. కుర్చీలన్నీ బిగించాడు. గడియారం కూడా బాగుచేశాడు. వేళకి తింటున్నాడు, వేళకి పడుకుంటున్నాడు. చాలా మంచి భర్త.

ఆఖరి పందెం డిసెంబరు మొదటి ఆదివారం. రేడియోలో నీకు తోచింది చెప్పు. నా కోసం వెనకాడకు.

ప్రేమతో,
నీ అక్క దెల్మిరా


టాండిల్,
నవంబరు 30

అక్కా,

ఇది నీకు చేరేసరికి ఆఖరి పందెం అయిపోయి ఉంటుంది. కావాలనే ఆలస్యంగా వేస్తున్నాను.

నీ ఉత్తరం అబద్ధం. కిటికీలకి రంగు వేసినవాడు నేల మీద ఒక్క చుక్క వేయలేదా? గడియారం విప్పినవాడు టేబుల్ గుడ్డ పాడుచేయలేదా? నువ్వు బావని మెచ్చుకుని, ఆ వెంటనే తిట్టకుండా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. ఈ ఉత్తరంలో ఎక్కడా ఒక్క గ్రీజు మరక లేదు. మీ ఇంట్లో కొళాయి ఇంకా కారుతూనే ఉంది, నాకు ఇక్కడికి వినపడుతోంది.

ఎందుకు రాశావో కూడా తెలిసింది. నేను తప్పు చెబితే బెలిసారియో నోరు మూతపడుతుంది, బావ షెడ్డు నిలుస్తుంది. దాంతోపాటు నా కుర్చీ విరుగుతుంది. రెండూ కావాలనుకున్నావు. మొదటిది అడిగితే ఇచ్చేదాన్ని అక్కా. అడగడం నీకు చేతకాదు.

నిన్న ఒసోరియోకి చెప్పేశాను. ఛాంపియన్ కొలోనియా రొమేరో, సందేహమే లేదని. టాండిల్ సెన్యోరా మాట అంటే మాటే అన్నాడతను. నగరంలో సగంమంది నా మాట మీద పందేలు కాస్తారని ఇలారియో భయపడుతున్నాడు. వచ్చే వారం నుంచి మేకులకి వచ్చినవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ.

ఒక్క మాట మాత్రం చెప్పి ఆపుతాను. నీ ఉత్తరాలు చదివిన ప్రతిసారీ నాకు కుళ్లు పుట్టేది. నీకు కొళాయి బాగుచేసే మొగుడు దొరికాడని కాదు. మా ఇంట్లో ఎప్పుడూ కొళాయి కారలేదు. తలుపు కిర్రుమనలేదు. ఇలారియో ఎన్నడూ తిండి మానలేదు, దేనికోసమూ నిద్ర పోగొట్టుకోలేదు. బంగారం లాంటి మనిషి, ఆయన్ని ఒక్క మాట అననివ్వను. కాని భోజనం ముందు కూర్చుని తినడం మరిచిపోయేంత ఆశ ఉన్న మనిషి ఉండే ఇల్లు ఎలా ఉంటుందో నాకు చిన్నప్పుడు తెలుసు. నీకిప్పుడు తెలుసు. నువ్వు దాన్ని తిట్టుకుంటూ ఉంటావు.

సులేమా


సాన్ ఎలాదియో,
డిసెంబరు 13

సులేమా,

గెలిచాం. నీకు ఆ రోజే తెలిసి ఉంటుంది. పక్కింటి గోడకి చెవి ఆనించి విన్నాను. చివరి ఊళ్లో పసుపు కారు ఆగిపోయిందని చెప్పగానే గోడ అవతల వాళ్లూ ఇవతల నేనూ ఒక్కసారే ఏడ్చాం. రాత్రి టిటోని, అన్సెల్మోని ట్రక్కెక్కించి ఊరంతా తిప్పారు. క్లబ్బు వెనక మాంసం కాల్చే అసాదో పొయ్యి దగ్గర బెలిసారియో అన్సెల్మోని కౌగిలించుకుని, నిన్ను అనుమానించాను, క్షమించు, మీ మరదలికి ఇంజను గురించి ఒక్క ముక్క తెలియదు అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నా ఉత్తరం పాచిక పారిందనుకున్నాను. అంత కమ్మటి మాంసం నేనెప్పుడూ తినలేదు.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది.

రెండు రోజులు ఏమీ తినలేకపోయాను. నీ మీద అసూయ తగ్గిందనుకోకు, పెరిగింది. అన్నీ తెలిసి అందరి ముందూ ఓడిపోవడం నాకు చేతకాదు, నీకు చేతనైంది. అది కూడా నీకే దక్కింది. క్లబ్బులో లేచి నిలబడి, మా చెల్లెలికి ముందే తెలుసు అని చెప్పాలనిపించింది. అన్సెల్మో చేతిలో తాళాలు చూసి ఊరుకున్నాను. ఇంట్లో మాత్రం ఆయనకి చెప్పాను. ఆయన, ఆ గొట్టం డబ్బు ఇలారియోకి పంపామా అన్నాడు. అంతే.

పనిలో పనిగా కార్నివాల్ సంగతి కూడా అడిగేశాను. ఇన్నేళ్లకి అడిగాను సులేమా. "ఏ టాంగో?" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం ఇంట్లోనే ఉన్నాడు. మాతే తాగాడు, కోళ్లకి గింజలు వేశాడు, వంటింట్లోకి వచ్చి కొళాయి వంక చూశాడు. ఇది కారుతోందే అన్నాడు. పానా కోసం సొరుగు తెరిచాడు. కారనీ, ముట్టుకోకు అన్నాను. నా వంక వింతగా చూసి షెడ్డుకి వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లగానే పానా తీసి పిండి డబ్బా అడుగున దాచాను. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తుంటే టప్ టప్ మంటూనే ఉంది. వచ్చే ఏడు ఎవరు గెలుస్తారని ఒసోరియో అడిగితే నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పు, ఈసారి నేను అబద్ధం రాయను.

కార్నివాల్‌కి రా. ఇలారియోని కూడా తీసుకురా, కాని బస్సెక్కే ముందు ఆయన సంచి వెతుకు. మా ఇంటికొచ్చి ఆ కొళాయి మీద చెయ్యి వేశాడంటే మరిదని కూడా చూడను. నువ్వు వంటింట్లో కూర్చుని ఎంతసేపు కావాలంటే అంతసేపు విను. రాత్రి క్లబ్బులో డాన్సు ఉంటుంది. అన్సెల్మోతో ఒక టాంగో ఆడు.

ఒక్కటే. నేను నిమ్మరసం గ్లాసు పట్టుకుని గోడ పక్కనే ఉంటాను.

నీ అక్క,
దెల్మిరా